కష్టం, కష్టాలు

కష్టపడ్డాడు అంటే గౌరవం. కష్టాలు పడ్డాడు అంటే జాలి. రెండింటి మధ్యా ఉన్నది ఒక్క బహువచనం. ఈ తేడా నా కంట పడింది తెలుగు చదువుతుంటే కాదు, కొరియా వాళ్ళకి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతుంటే.

హార్డ్‌షిప్ అనే మాట వచ్చినప్పుడల్లా నా స్టూడెంట్లు పక్కన "గోసెంగ్" అని రాసుకుంటారు. చైనా అక్షరాల్లో విడదీస్తే చేదు, బతుకు. అర్థం కుదిరినట్టే ఉంటుంది. కానీ గోసెంగ్‌ని మనిషి మొహం మీదే అంటారు. పని ముగించుకుని వెళ్తున్న వాళ్ళతో, "చాలా గోసెంగ్ పడ్డారు" అని. అది ఓ రకం థాంక్స్. నవంబరులో సునుంగ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. అందులో ఇంగ్లీషు లిజనింగ్ కోసం 35 నిమిషాల పాటు దేశంలో విమానాలు లేవవు, దిగవు. అది రాసి బయటికొచ్చిన పిల్లలకి ఇంట్లోవాళ్ళు చెప్పేదీ ఈ మాటే. హార్డ్‌షిప్‌ని అలా ఎవరితోనూ అనలేం.

ఓ స్టూడెంట్ ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం తన గురించి రాసుకొచ్చింది. నాన్న పోయి, అప్పులు మిగిలాక, వాళ్ళమ్మ మన కర్రీ పాయింట్ లాంటి కొట్టు పెట్టింది. "మా అమ్మ ఎన్నో హార్డ్‌షిప్స్ అనుభవించింది" అని చదివి ఆగిపోయింది.

"టీచర్, ఇందులో అమ్మ ఏమీ చెయ్యట్లేదు. అన్నీ అమ్మకి జరుగుతున్నాయి."

పోనీ హార్డ్ వర్క్ అందామా అన్నాను.

"అది ప్రమోషన్ కోసం కూడా చేస్తారు కదా."

ఇంగ్లీషులో మీద పడ్డది ఒక మాట, చేసింది ఇంకో మాట. గోసెంగ్‌లో, మన కష్టంలో రెండూ కలిసే ఉన్నాయి. అందుకే గోసెంగే గొప్ప మాట కదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. వయసులో గోసెంగ్‌ని డబ్బిచ్చి కొనుక్కునైనా పడాలని వాళ్ళకో సామెత ఉంది. తక్కువ జీతానికి పని చేయించుకున్న మేనేజర్ కూడా తనకి అదే చెప్పాడట.

"కొనుక్కోమనేవాళ్ళే అమ్ముతున్నారు, టీచర్."

నాకు కోచింగ్ సెంటర్ల గోడల మీది "కష్టే ఫలి" గుర్తొచ్చింది. గౌరవం ఉన్న మాటతోనే మనుషుల్ని పిండడం తేలిక. ఆ లెక్కన హార్డ్‌షిప్ నిజాయితీ గల మాట. అది ఎవర్నీ మెచ్చుకోదు, రాకూడనిది వచ్చిందని మాత్రం చెబుతుంది.

చివరికి ఆమె ఆ మాటని అప్పుల దగ్గర పెట్టింది. అమ్మ దగ్గర ఏ పెద్ద మాటా పెట్టలేదు. మా అమ్మ 11 ఏళ్ళు, రోజూ పొద్దున 4 గంటలకి లేచి కూరలు వండింది అని రాసింది.