తన్ను తాను తూచుకొనుట

బియ్యమునకు త్రాసు గలదు, జ్వరమునకు థర్మామీటరు గలదు. "నేనెందుకును పనికిరాను" అని లోలోపల క్రుంగు బాలుని మనస్సును కొలుచుటెట్లు? అమెరికా దేశపు సామాజిక శాస్త్రజ్ఞుడగు మోరిస్ రోసెన్‌బర్గ్ 1965లో ఇందులకొక కొలమానమును ప్రకటించెను. అందు 10 వాక్యములు గలవు. 5 తన్ను మెచ్చుకొనునవి, 5 తన్ను కించపఱచుకొనునవి. ఒక్కొక్కదానికి, పూర్తిగా ఔననుట మొదలు బొత్తిగా కాదనుట వఱకు, 4 జవాబులలో నొకటి గుర్తింపవలెను. కించపఱచు వాక్యములకు మార్కులు తలక్రిందుగా వేయుదురు. కావున అన్నిటికిని తలయూపువానికి ఎక్కువ మార్కులు రావు.

మా రాయికల్ పిల్లలను ఇరువదేండ్లుగా చూచుచున్నాను. తన్ను తాను పొగడుకొనుట తప్పని ఇంట నేర్చినవారు మెప్పు వాక్యమునకు ఔననుటకు సిగ్గుపడుదురు. వారి తక్కువ మార్కులలో కొంత వినయమే యుండవచ్చును. అయినను వినయము వేఱు, ఆత్మనింద వేఱు. "ఈ లెక్క నాకు రాలేదు" అను పిల్ల మరల అడిగి నేర్చుకొనును. "నేను మొద్దును, నాకు లెక్కలే రావు" అను పిల్ల పుస్తకమే తెఱవదు.

తలిదండ్రులారా, ఈ రెండవ మాట మీ యింట వినబడినచో నవ్వి విడువకుడు. "మొద్దు" అను పేరు బిడ్డకు మొదట పెట్టినవారెవరో, ఇంట మీరును బడిలో మేమును విచారించుకొందము.