నేర్పు గొప్పదా, పాట గొప్పదా?

సంగీతము నేర్చు పిల్లలుగల ప్రతి యింటను ఒక ప్రశ్న పుట్టుచుండును. చేతివేగము గొప్పదా, మనసున నిలుచు పాట గొప్పదా? ఈ ప్రశ్న సీతంపేటలోని మా యింటికి ఈ మధ్య విచిత్రమైన మార్గమున వచ్చినది.

మా చిన్నవాడు విశాఖపట్టణమున చదువుకొనుచు గిటారు వాయించును. వానికి ప్రీతియైనది పాశ్చాత్యుల ‘మెటల్’ సంగీతము. సోదరీమణులారా, పేరు విని బెదరవలదు. విద్యుత్తుతో పలుకు గిటారులు, ఉరుములవంటి డ్రమ్ములు, గొంతెత్తిన గానము దాని లక్షణములు. సంక్రాంతికి వచ్చినపుడు వాడు ఆ వాద్యమును అటకమీదికి చేర్చెను. కారణ మడుగగా, “అమ్మా, నా తోడివారి వ్రేళ్లు పరుగెత్తినట్లు నా వ్రేళ్లు పరుగెత్తవు. ఇంక నా కెందుకు?” అనెను. స్వీడను దేశస్థుడగు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ 1984లో ‘రైజింగ్ ఫోర్స్’ అను సంపుటమును వెలువరించిన పిదప అట్టి వేగమే పలువురు యువకులకు గమ్యమైనదట.

కాని ఆ సంగీతమునకు మూలపురుషులలో నొకడగు టోనీ అయోమీ కథ వేరు. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరమున, పదునేడేండ్ల ప్రాయమున, రేకుల కర్మాగారములో యంత్రము క్రింద బడి అతని కుడిచేతి రెండువ్రేళ్ల కొనలు తెగిపోయినవి. అతడు ఎడమచేతివాటమువాడు గాన తంత్రులను నొక్కవలసినది ఆ చేయియే. ప్లాస్టికును కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొని, పలుచని తంత్రులు బిగించి, మరల సాధన చేసెను. అతని ‘బ్లాక్ సబ్బత్’ బృందపు మొదటి సంపుటము 1970లో వెలువడినది. అందలి బరువైన, నిదానమైన వరుసలను నేటికిని యువకులు కూనిరాగములు తీయుచున్నారు.

మన దేశమునను ఇట్టి కథ కలదు. మా సీమకు చేరువనున్న బొబ్బిలినుండి కేశవయ్య యను విద్వాంసుడు ‘భూలోక చాపచుట్టి’ యను బిరుదుతో తంజావూరు ఆస్థానమున కరిగి, 128 అక్షరముల సింహనందన తాళమున పాడి పోటీకి పిలిచెననియు, శ్యామశాస్త్రిగారు (1762–1827) శరభనందన తాళముతో బదులిచ్చి గెలిచిరనియు పెద్దలు చెప్పుదురు. ఆ తాళముల పేర్లు మాత్రమే మనలో పెక్కుమంది విన్నవి. శాస్త్రిగారి భైరవి, యదుకులకాంభోజి, తోడి స్వరజతులో, నేటికిని ఎందరో బాలికల నోట పలుకుచున్నవి.

అట్లని నేర్పును తృణీకరింపరాదు. సవాలునకు బదులీయగల పాండిత్యము లేనిచో ఆ స్వరజతులును పుట్టియుండవు. వ్రేళ్లు తెగినవానికి పాట దక్కినది దీక్షతో చేసిన సాధనవలననే. అయితే నేర్పు పాటకు ఊడిగము చేయవలెను గాని, పాట నేర్పునకు ఊడిగము చేయరాదు. మనకు తెలిసిన ముగ్గునే తీసికొనుడు. నలువది చుక్కల ముగ్గును చూచి వీధివారు మెచ్చుకొందురు. పొరుగింటి పిల్ల మరునాడు తన వాకిట వేయునది మాత్రము, కంటికింపై చేతికందిన ముగ్గునే.

మా యూరి వారపుసంతకు పసుపు, అనాసపండ్లు తెచ్చు సవర స్త్రీలను చూచునపుడు నాకిదే తోచును. వారి భాషకై జీవితమును ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యాకరణము 1931లో వెలువడినది. ఆ పుస్తకము రాకముందును వారి పాటలు ఉన్నవి. కాగితము లేనిచోట తల్లి నోటినుండి బిడ్డ నోటికి పోగలిగిన పాటయే బ్రదుకును. అంతకు మించిన పరీక్ష యేమున్నది?

ఈ మాటలే చిన్నవానితో చెప్పి, “నీ వ్రేళ్లకు చేతనైనంతలో ఒక వరుస కట్టుము” అంటిని. రెండుదినములు ముభావముగా నుండి, మూడవనాడు గిటారు దింపి నాలుగైదు స్వరములతో చిన్న వరుస యొకటి కట్టెను. కనుమనాడు మా అమ్మాయి పెరటిలో గిన్నెలు కడుగుచు దానినే కూనిరాగము తీయుచుండగా వాడు గుమ్మమున నిలిచి వినెను. తిరిగి పోవునపుడు గిటారును వెంట తీసికొని పోయెను.

సోదరీమణులారా! మీ బిడ్డలు ఎంత వేగముగా పాడుదురో లెక్కింపవలదు. నెలకొక్క పాటయైనను మొదటినుండి తుదివరకు నోటికి వచ్చునట్లు చూడుడు. వేగము పోటీలో బహుమానము తేవచ్చును. పాట మాత్రము ముసలితనమునను వారికి తోడుండును.