బ్యాండ్ సా చక్రానికి కొత్త రబ్బరు

కలప పనితో జీవించే కుటుంబాలు మన గ్రామ సంఘాల్లో చాలా ఉన్నాయి. ఒకప్పుడు బాడిస, ఉలి, చిత్రిక ఉంటే కొట్టు నడిచేది. దుంగను కోయవలసివస్తే పైన ఒకరు, గుంటలో ఒకరు నిలబడి పొద్దు వాలేవరకు రంపం లాగేవారు. ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా రేకుల షెడ్డు కింద ఒక బ్యాండ్ సా తిరుగుతూ ఉంటుంది. బ్లేడు మొద్దుబారితే సాన పట్టిస్తాము, తెగితే అతుకు వేయిస్తాము. చక్రాల మీద ఉన్న రబ్బరు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆ రబ్బరును గురించే ఈ నాలుగు మాటలు.

ఈ మిషనుకు రెండు చక్రాలు, పైన ఒకటి, కింద ఒకటి. మోటారు కింది చక్రాన్ని తిప్పుతుంది, బ్లేడు పై చక్రాన్ని తిప్పుకొంటుంది. మా తమ్ముడి కొట్టులో ఉన్నదానికి చక్రాలు 18 అంగుళాలవి, నిమిషానికి 700 చుట్లు తిరుగుతాయి. లెక్క వేస్తే బ్లేడు నిమిషానికి సుమారు 3,300 అడుగులు, అంటే గంటకు 60 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. మా ఊరి రోడ్డు మీద బస్సుకే అంత వేగం లేదు. అంత వేగంతో పోయే ఉక్కు పట్టీని దారి తప్పకుండా నిలిపేది చక్రం అంచుకు తొడిగిన రబ్బరు టైరే. దాని నడిమి భాగం కొంచెం మిట్టగా ఉంటుంది. తిరిగేటప్పుడు బ్లేడు ఆ మిట్ట మీదికి తానే ఎక్కి నిలుస్తుంది. పళ్లు ఇనుముకు తగిలి వాటి ఎడమ కుడి వంపు చెడిపోకుండా కాపాడేది కూడా అదే. దుంగలు కోసే పెద్ద మిల్లుల్లో వెడల్పాటి బ్లేడుకు ఈ రబ్బరు ఉండదు, అక్కడ పళ్లు చక్రం అంచు దాటి బయటికి ఉంటాయి. మనవంటి చిన్న కొట్లలో సన్న బ్లేడు గనుక రబ్బరు తప్పదు.

ఈ యంత్రం ఆలోచన పాతదే. ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ 1808లో దీనికి పేటెంటు తీసుకొన్నాడు. కాని ఉక్కు పట్టీ కొసలను కలిపే అతుకు నిలవక అది చాలాకాలం పనికి రాలేదు. 1846లో ఫ్రాన్సు దేశంలో ఆన్ పోలిన్ క్రెపిన్ అనే స్త్రీ గట్టి అతుకుకు పేటెంటు పొందిన తరువాతనే దీనికి దారి దొరికింది. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా మరదలు మా తమ్ముడి వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

రబ్బరు అరిగిందని ఎలా తెలుస్తుంది? మిషను ఆపి, ప్లగ్గు తీసి, మూత తెరిచి బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. బాగున్న రబ్బరు లోపలికి దిగి మళ్లీ లేస్తుంది. ఎండిపోయినది రాయిలా ఉంటుంది, ఎండాకాలపు చేనులాగా నెర్రెలు విచ్చి కనబడుతుంది. బ్లేడు నడిచిన చోట గాడి పడుతుంది, ఆ గాడిలో రంపపు పొట్టు గట్టిపడి దిమ్మెలు కడుతుంది. అప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ దబ్ దబ్ మని చప్పుడు వస్తుంది, బ్లేడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక రూపాయి బిళ్లను బల్ల మీద నిలువుగా నిలబెట్టి మిషను ఆడించండి. నిలబడితే మంచిదే. మాది ఆడించీ ఆడించకముందే పడిపోయింది.

2023 నవంబరులో మా సంఘంలోని ఒక మామ్మ తన పాత మట్టి ఇల్లు విప్పించి, అందులోని టేకు దూలాన్ని మందిరానికి ఇచ్చింది. ప్రభువు బల్ల కోసమని ఇచ్చింది. తొమ్మిది అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల మందం. ఆమె పెనిమిటి పెళ్లయిన కొత్తలో వేసిన దూలమది, ఆయన లేడు. ఆ పాత టేకు డబ్బు పెట్టినా ఇప్పుడు దొరకదు. నేనూ మా తమ్ముడూ కొలత వేసుకొంటే, బల్ల పైభాగానికి మూడు పలకలు, చుట్టు పట్టీలు, కాళ్లు, అన్నింటికీ సరిగ్గా సరిపోయేటట్టు ఉంది. ఒక్క పలక వంకర పోయినా చాలదు.

ఆ వారమే మా తమ్ముడు వేప చెక్క ఒకటి నిలువునా కోస్తే పైన అంగుళం ఉన్న పలక కింద ముప్పావు అంగుళం వచ్చింది. బ్లేడు లోపల పొట్ట వేసిందన్న మాట. అందుకని దూలం ఇప్పుడు కోయవద్దు, ముందు రబ్బరు మార్చుదాము అన్నాను. సంఘ పెద్దలకు అది నచ్చలేదు. క్రిస్మస్ ఆరాధనకు బల్ల సిద్ధం కావాలని ప్రకటన కూడా చేసివున్నారు. “దేవుని పని గదా, ప్రార్థన చేసి కోసేయండి, ఆయనే చూసుకొంటాడు” అన్నారు ఒకాయన. ప్రార్థన చేయవలసినదే, దానికి నేను అడ్డం కాను. కాని పక్క ఊరి కొట్టులో బ్లేడు చక్రం మీదనుండి జారి ఒక సహోదరునికి రెండు వేళ్లు పోయాయి. మా దగ్గర పని నేర్చుకొనే కుర్రవానికి పంతొమ్మిదేళ్లు. దూలం అవతలి కొస పట్టుకొని నిలబడవలసినవాడు అతడే. ఆ సంగతి చెప్పి ఊరుకొన్నాను. పాస్టరుగారు మాత్రం, “క్రిస్మస్‌కు పాత బల్ల చాలు, వేళ్లు మళ్లీ రావు” అన్నారు. అక్కడితో మాట తెగింది.

టైర్లు విజయవాడ నుండి తెప్పించాము. రబ్బరువి, యూరిథేన్‌వి రెండు రకాలు ఉంటాయి. మేము రెండవది తెచ్చాము, దానికి జిగురు అవసరం లేదు. బ్లేడుకు బిగువు సడలించి, చేతికి తోలు తొడుగులు వేసుకొని తీశాము. చక్రాలు ఊడదీసేముందు వెనుక ఎన్ని వాషర్లు ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. ఒక్కటి తక్కువైనా చక్రాలు రెండూ ఒక వరుసలోకి రావు. పాత రబ్బరును ఉలితో గీకి, మిగిలిన జిగురును థిన్నరుతో తుడిచాము. ఈ పని షెడ్డు బయట చేయండి. పొట్టు ఉన్నచోట థిన్నరు అంటే నిప్పుతో ఆటే. చక్రాన్ని చేతితో ఊపి చూస్తే బేరింగులు బాగున్నాయి.

కొత్త టైరు చక్రం కన్న చిన్నదిగా కనబడుతుంది, చూసి భయపడనక్కరలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఒక కొసను క్లాంపుతో చక్రానికి పట్టించి, ఇద్దరు చెరొకవైపునుండి లాగుతూ తొడగాలి. నీళ్లు చల్లారితే మళ్లీ మొదలు. మా మరదలు పొయ్యి మీద రెండవ గిన్నె సిద్ధంగా ఉంచింది గనుక పని నిలిచిపోలేదు. తొడిగిన తరువాత ఒక గుండ్రటి ఇనుప కడ్డీని టైరు కిందికి దూర్చి చక్రం చుట్టూ రెండు మూడుసార్లు తిప్పాలి. లేకపోతే ఒకచోట ఎక్కువ సాగి, ఒకచోట మందంగా ఉండిపోయి, మళ్లీ అదే దబ్ దబ్.

సరిచేయడంలో వరుస ముఖ్యం. ముందు బ్లేడు బిగువు, తరువాత పై చక్రం వాలు, చివరకు గైడులు. పై చక్రాన్ని చేతితోనే తిప్పుతూ, వెనుక మరను కొంచెం కొంచెం తిప్పితే బ్లేడు నడిమికి వచ్చి నిలుస్తుంది. మూత వేయకుండా మోటారు ఆన్ చేయకూడదు. పక్క గైడులకూ బ్లేడుకూ మధ్య పదిరూపాయల నోటు మందం సందు చాలు. వెనుక బేరింగు ఊరికే ఉన్నప్పుడు బ్లేడుకు తగలకూడదు, చెక్క నెట్టినప్పుడు మాత్రమే తిరగాలి. తరువాత మూలమట్టం పెట్టి బల్లను బ్లేడుకు నిటారుగా చేశాము. ఒక పనికిరాని చెక్క మీద గీత గీసి, గీత వెంట చేతితో కోసి, బ్లేడు ఏ వైపుకు మొగ్గు చూపుతుందో చూసి, ఆనుడు పట్టీని ఆ వాలుకే బిగించాము. ఎనిమిది అంగుళాల ఎత్తు కోయాలి గనుక అంగుళానికి మూడు పళ్ల కొత్త బ్లేడు వేశాము. సన్న పళ్లయితే పొట్టు బయటికి పోయే దారి లేక బ్లేడు వేడెక్కి వంకర తిరుగుతుంది.

ఇదంతా విని పాస్టరుగారు యెషయా 10వ అధ్యాయంలోని రంపాన్ని ఎత్తుకొని ఒక ప్రసంగం సిద్ధం చేసుకొన్నారు. ప్రసంగం ఆయనకే వదిలేశాను. వారం రోజులు మిషను ఆపేటప్పుడు బిగువు సడలించి పెట్టండి, లేకపోతే కొత్త టైరు మీద బ్లేడు ఉన్నచోటనే నొక్కు పడుతుంది. నేను చెప్పగలిగినది అంతే.

జనవరి మొదటి వారంలో దూలం కోశాము. ముందుగా అయస్కాంతం పెట్టి చుట్టూ వెదికితే నాలుగు మేకులు, ఒక పెద్ద కొక్కెం బయటపడ్డాయి. ఆ కొక్కేనికే తన ముగ్గురు పిల్లల ఉయ్యాల కట్టానని మామ్మ చెప్పింది. అన్నీ ఊడదీసి, దూలాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క పలకా నిదానంగా నెట్టాము. కుర్రవాడు అవతల పట్టుకొన్నాడు, చివరి జానెడూ కర్రముక్కతో నెట్టాడు. మొదటి పలక పై నుండి కింది దాకా ఒకటే మందం. రూపాయి బిళ్ల బల్ల మీద నిలబడే ఉంది.

మామ్మ కోత అయ్యేవరకు షెడ్డు బయట పీట మీద కూర్చుంది. మిగిలిన తుంపుల్లో కొక్కెం రంధ్రం ఉన్న ముక్క ఒకటి ఉంది. “బల్లకు పనికిరాదు గదా, అది నాకియ్యి నాయనా” అని అడిగి, కొంగులో మూట కట్టుకొని ఇంటికి వెళ్లింది.