ఖాళీ బండే ఎక్కువ ఎగురుతుంది

"నేను మీ ఫ్రెండ్ కారులో వస్తాలేరా. ఈ బండి నాకొద్దు" అన్నాడు నాన్న.

డాలస్ ఎయిర్‌పోర్ట్ నుంచి ప్లేనోలో మా ఇంటికి పెద్ద దూరమేం కాదు. ఆ కాసేపట్లోనే నా పికప్ ట్రక్ నాన్న నడుముకి చుక్కలు చూపించింది. బ్యాగులోంచి టవల్ తీసి, మడతపెట్టి నడుము కింద పెట్టుకుని, ఇల్లు వచ్చేదాకా పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. పల్నాడు రోడ్ల మీద 31 ఏళ్లు బస్సు నడిపిన మనిషి. రెండేళ్ల కిందట డిస్క్ ఆపరేషన్ అయింది. ఏడాదిగా వీడియో కాల్‌లో "నా ట్రక్ చూడు నాన్నా" అని ఊరించింది నేనే. తీరా మర్నాడు గుడికి బయల్దేరదామంటే ఈ మాట!

కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి అంత బండి ఎందుకని మీకూ అనిపించొచ్చు. వీకెండ్‌లో క్యాంపింగ్ ట్రైలర్ లాగడానికి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎఫ్-250 లాంటి బళ్లుంటాయే, ఆ తరగతిది. ఒక టన్నుకు పైగా బరువు వేసినా తొణక్కూడదని వీటి వెనక కమాన్ కట్టలు గట్టిగా పెడతారు. మరి అందులో నేనొక్కణ్ణే కూర్చుంటే? ఆ కమాన్లు అసలు వంగవు. రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా సీటుకే వస్తుంది.

ఇదంతా నేను మూడు వారాలు వీడియోలు చూసి తెలుసుకున్నాను. నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఖాళీ బస్సూ ఇంతే. నిండా జనం ఎక్కితే అదే బస్సు ఊయల్లా పోతుంది."

తర్వాత అడిగాడు, "టైర్లలో గాలి ఎంత కొట్టించావ్?"

వెనక 80 పీఎస్ఐ. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నది అదే. కానీ అది నిండు లోడ్ కోసం చెప్పిన అంకె. టైర్ కంపెనీ లోడ్ టేబుల్ చూసి, ఖాళీగా తిరిగే రోజులకి 60కి దించాను. పైసా ఖర్చు లేకుండా కొంత కుదుపు తగ్గింది. మీ దగ్గరా ఇలాంటి బండి ఉంటే ముందు ఈ పని చేయండి. ట్రైలర్ తగిలించే రోజు మాత్రం మళ్లీ నింపడం మర్చిపోకండి.

ఇక మిగిలింది ఊపు. గతుకు దాటేశాక కూడా బండి రెండు మూడుసార్లు పైకీ కిందకీ ఊగుతోంది. కిందకి దూరి చూస్తే వెనక షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ కారి, దుమ్ము అట్ట కట్టి ఉంది.

చాలామంది అనుకున్నట్టు షాక్ అబ్జార్బర్ బరువు మొయ్యదు. మోసేది స్ప్రింగ్. గతుకు తగిలితే స్ప్రింగ్ ఆ దెబ్బని మింగుతుంది, మింగినదాన్ని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ తిరిగొచ్చే ఊపుని పట్టుకుని ఆపడమే షాక్ పని. లోపల పిస్టన్‌కి సన్నటి దారులుంటాయి. ఆయిల్ వాటిలోంచి కష్టపడి దూరుతుంది. కదలిక కాస్తా వేడిగా మారిపోతుంది. పాత రకం ట్విన్ ట్యూబ్‌లో ఆయిల్, గ్యాస్ ఒకే గదిలో ఉంటాయి. వరసగా గతుకులొస్తే రెండూ కలిసి నురగ కట్టి, పట్టు జారుతుంది. మోనోట్యూబ్‌లో మధ్యన ఇంకో పిస్టన్ అడ్డుగా ఉండి, ఎక్కువ ప్రెషర్‌లో ఉన్న నైట్రోజన్‌ని ఆయిల్‌లో కలవనివ్వదు.

నేనేమో అన్నిటికంటే గట్టిది, ఎడారుల్లో దూకించే రకం కొనబోయాను. నాన్న ఆపాడు. "మోసేది కమానే కదా, మరి ఇది గట్టిగా ఉండి ఏం చేస్తుంది?" నిజమే. మరీ బిగుసుగా ఉన్న షాక్ చిన్న గతుకుని కూడా సీటుకే పంపిస్తుంది. ఒక షాపులో అయితే వెనక కమాన్‌లో ఒక పట్టీ తీసేస్తే మెత్తగా ఉంటుందన్నారు. దానికి నాన్న మొహమే చాలు సమాధానం. ట్రైలర్ లాగే బండికి ఆ పని చేస్తే నడ్డి విరిచినట్టే. చివరికి బండి ఎత్తు మార్చకుండా సరిపోయే మామూలు మోనోట్యూబ్‌లు నాలుగు తెప్పించాను. 520 డాలర్లు.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచాను. నేను బండి కింద, నాన్న మడత కుర్చీలో. కిందకి దూరబోతే నడుము ఒప్పుకోలేదు. ఫోన్ టార్చ్ పట్టుకుని కూర్చున్నాడు. కొత్త షాక్‌కి కట్టిన పట్టీ కోయగానే రాడ్ తనంతట తానే బయటికి వచ్చింది. లోపలి గ్యాస్ దాన్ని నెడుతుంది మరి. పాతదాన్ని చేత్తో నొక్కితే కొంతమేర ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది. "ఇది ఎప్పుడో రిటైరైంది రా" అని నవ్వాడు.

"నీ బస్సు ఇలాగే ఎగిరేదా నాన్నా?"

"వెనక సీట్లలో ఎక్కువ ఎగురుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు, ముసలాళ్లు ఉంటారు కదా అని గుంటల దగ్గర స్లో చేసేవాణ్ణి."

"మరి నీ సీటు?"

"టవల్ ఉండేది కదా."

నా చిన్నప్పటి నుంచి ఆయన డ్యూటీ బ్యాగులో ఒక టవల్ ఉండేది. చెమటకే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ బోల్ట్ బిగించడానికి మామూలుకంటే ఎక్కువ సేపే పట్టింది నాకు.

రబ్బరు బుష్ ఉన్న బోల్టులని బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది. అది కూడా నాన్న చెప్పిందే.

ఆదివారం గుడికి ట్రక్‌లోనే వెళ్లాం. ఇది మెత్తటి కారు అయిపోయిందని చెప్పను. మొదటి దెబ్బ ఇంకా తెలుస్తుంది. కానీ ఒక్కటే దెబ్బ, ఆ వెంటనే బండి కుదురుకుంటోంది. రోడ్డు పక్క ఖాళీ స్థలంలో నెర్రెలిచ్చిన నేల చూసి నాన్న అన్నాడు, "ఇది మన నల్లరేగడే కదరా!" అవును, ఉత్తర టెక్సస్‌లో ఈ భాగమంతా అలాంటి నల్లనేలే. వానకి ఉబ్బుతుంది, ఎండకి పగుళ్లిస్తుంది. పైనున్న రోడ్డు అలలు తేలుతుంది. "అందుకే ఈ ఊపు" అన్నాడు, ఇక్కడే ఏళ్ల తరబడి బండి నడిపినవాడిలా.

కాసేపటికి నడుము కింది టవల్ తీసి వెనక సీట్లో పడేశాడు. ఏమీ అనలేదు. ఎవరు నడుపుతున్నా కళ్లు రోడ్డు మీదే పెట్టుకుని కూర్చునే మనిషి, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు పక్క సీట్లో నిద్రపోయాడు.