బీడీ, బ్రాకెట్లో మూడు కామా ఎనిమిది

టికెట్ 300 రూపాయలు. పోస్టర్ మీద ఎక్స్‌పెరిమెంటల్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్, లైవ్ అని ఉంది. దాని కింద ఏదో బొమ్మ, తలకిందులుగా పట్టుకున్నా ఒకేలా ఉంది. "కోడ్ రాస్తూ మ్యూజిక్ వాయిస్తారంట మావా, మన సబ్జెక్టే కదా" అని మా రూమ్మేట్ నన్ను బయల్దేరదీశాడు. ఘట్‌కేసర్ నుంచి బస్సులో ఉప్పల్, అక్కణ్ణుంచి మెట్రో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగి ఆటో. వార్డెన్‌కి ఏం చెప్పి వెళ్ళామో ఇక్కడ రాయను, ఆయన కూడా ఈ మ్యాగజైన్ చదువుతాడు.

హాలు మన సెమినార్ హాల్లో సగం ఉంటుంది. కుర్చీల్లేవు, అందరం కిందే కూర్చున్నాం. అరవై మంది ఉంటారేమో. మొదట వచ్చినాయన ముందు ఒక చెక్కపెట్టె, దాని నిండా రంగురంగుల వైర్లు. ఇరవై నిమిషాలపాటు ఒకే "మ్‌మ్‌మ్" శబ్దం పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. మా ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కూడా అలాగే మోగుతుంది, దానికి టికెట్ లేదు. కానీ పక్కనున్న వాళ్ళు కళ్ళు మూసుకుని ఊగుతున్నారు కాబట్టి ఆ మాట పైకి అనలేదు.

తర్వాత ఒక అక్క వచ్చింది. ఒక లాప్‌టాప్, అంతే. వెనక గోడ మీద ప్రొజెక్టర్‌తో ఆమె స్క్రీన్ వేశారు. నల్లటి ఖాళీ స్క్రీన్, మినుకుమినుకుమనే కర్సర్. ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్ష గుర్తొచ్చి కడుపులో తిప్పింది. ఆమె ఒక లైను టైపు చేసింది. "బీడీ అంటే ఏంట్రా?" అని మావాడు నా చెవిలో గొణిగాడు. బీడీ అంటే బేస్ డ్రమ్. ఆ రెండక్షరాల పక్కన బ్రాకెట్లో మూడు కామా ఎనిమిది. ఎంటర్ కొట్టగానే స్పీకర్లోంచి దెబ్బ పడింది, ఛాతీ మీద కొట్టినట్టు. ధం.. ధం.. ధం. ధం.. ధం.. ధం.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ మూడు కామా ఎనిమిది మనందరం రాసిందే. ఎనిమిది గడుల్లో మూడు దెబ్బల్ని వీలైనంత సమానంగా సర్దాలి. సరిగ్గా సమానంగా కుదరదు, ఎందుకంటే ఎనిమిదిని మూడు నిశ్శేషంగా భాగించదు. కాబట్టి మూడు, మూడు, రెండు. ఇలా మిగిలినదాన్ని మళ్ళీ మళ్ళీ పంచే పద్ధతి, ఫస్టియర్ సి ల్యాబ్‌లో గ.సా.భా. కోసం మనం రాసిన యూక్లిడ్ పద్ధతి, రెండూ ఒకటే. (ఇంగ్లీష్ మీడియం వాణ్ణే, గ.సా.భా. అనే మాట ట్యూషన్ మాస్టారి పుణ్యం.) గాడ్‌ఫ్రీడ్ టూసాన్ అనే కంప్యూటర్ సైంటిస్టు 2005లో దీనిమీద పేపర్ రాశాడు. ఆఫ్రికాలో, క్యూబాలో, ఇంకా చాలా చోట్ల జనం తరాలుగా వాయిస్తున్న లయలు ఎన్నో ఈ లెక్కకి సరిపోతాయని చూపించాడు. ఆ ప్రోగ్రామ్‌ని నేను రికార్డులో నీట్‌గా రాసి, సంతకం చేయించుకుని, మర్చిపోయాను. అది ఛాతీ మీద దెబ్బలా పడుతుందని మాకెవరూ చెప్పలేదు.

ఆమె ఒక్కో లైను కలుపుతూ పోయింది. చప్పట్ల శబ్దం, దాని మీద గంటలాంటిది, కింద గుర్రుమనే బేస్. ప్రతి లైనూ గోడ మీద కనిపిస్తోంది. ఏది మార్చిందో ముందు కంటికి తెలుస్తోంది, తర్వాత చెవికి తెలుస్తోంది. పావుగంట గడిచాక ఒక పొడవాటి లైను రాసి ఎంటర్ కొట్టింది. ఎర్రటి అక్షరాలు. ఎర్రర్. హాల్లో ఒక్క క్షణం నిశ్శబ్దం అని రాయాలనుంది కానీ నిశ్శబ్దం రాలేదు, మ్యూజిక్ ఆగలేదు. ఈ సిస్టమ్‌లో కొత్త లైను తప్పయితే పాత లైను అలాగే మోగుతూ ఉంటుంది. వెనకనుంచి ఎవరో "బ్రాకెట్!" అని అరిచారు. ఇంకొకళ్ళు "రెండోది!" అన్నారు. ఆమె నవ్వేసి బ్రాకెట్ మూసింది, ఎంటర్ కొట్టింది, హాలంతా కేకలు. కంపైల్ అయినందుకు జనం ఈలలు వేయడం నేను మొదటిసారి చూశాను. మావాడైతే లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు నా సొంత గొడవ. మా నాన్న తెనాలి దగ్గర ఒక ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించేవాడు. ఆక్టోప్యాడ్ తెలుసు కదా, ఎనిమిది రబ్బరు గడులుండే పెట్టె, రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చింది. అంతకుముందు నాన్న డోలక్ వాయించేవాడు. సెకండ్ హ్యాండ్‌లో ప్యాడ్ కొన్నాక ఆ ట్రూపులో తబలా ఆయన్నీ, కాంగో ఆయన్నీ పిలవడం మానేశారు. "నేనొక్కణ్ణే ముగ్గురి కూలి మింగాన్రా" అని నాన్న ఇప్పటికీ అంటాడు. నవ్వుతూనే అంటాడు, కానీ ఆ నవ్వు నాకు నచ్చదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకి డీజేలు వచ్చారు. వినాయక చవితి పందిళ్ళ దగ్గర కూడా లారీ మీద బాక్సులే. చివరి రోజుల్లో పిలిచిన ఒకటి రెండు ప్రోగ్రాముల్లో కూడా ట్రాక్ పెట్టేస్తాం, నువ్వు ఊరికే పుల్లలు ఆడించు చాలు అన్నారట. నాన్న ఒక రాత్రి ఆడించాడు. ఇంటికొచ్చి ప్యాడ్‌ని దుప్పట్లో చుట్టి మంచం కింద పెట్టాడు. ఇప్పుడు ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో కౌంటర్ దగ్గర ఉంటాడు.

వాయించే రోజుల్లో నాన్న ప్యాడ్‌ని జనం వైపు వాల్చి స్టాండుకి బిగించేవాడు. అలా వాలిస్తే మణికట్టు నొప్పి. ఎందుకని అడిగితే, "వాయించేవాడి చెయ్యి కనపడాలిరా, లేకపోతే రేడియో పెట్టుకుంటే పోలా?" అనేవాడు.

హాస్టల్‌కి వచ్చాక ఈ లైవ్ కోడింగ్ గురించి రెండు రాత్రులు చదివాను. 2004లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొందరు టాప్‌ల్యాప్ అనే పేరుతో జట్టుకట్టారు. లాప్‌టాప్ వెనక దాక్కుని వాయించే వాళ్ళని చూసి విసుగెత్తి, మా ముందు వాయించేవాడు తన స్క్రీన్ మాకు చూపించాలి అని ఒక నియమంలా రాసుకున్నారు. అది చదివి నేను కాసేపు కదల్లేదు. ఇది మా నాన్న మాట. తెనాలిలో ఎవరూ రాసి పెట్టలేదు, అంతే తేడా.

ఇంకోటి కూడా దొరికింది. ఈ పద్ధతిలో చాలామంది వాడే వాటిలో ఒకటి టైడల్ సైకిల్స్, అలెక్స్ మెక్‌లీన్ హాస్కెల్‌లో రాశాడు. దాన్ని బ్రౌజర్లో వాడుకునేలా 2022లో స్ట్రూడెల్ వచ్చింది. అందులో కాలం గీతలా ముందుకి పోదు, చక్రంలా తిరుగుతుంది. మన తాళంలో ఆవర్తం ఎలాగో అలా. లయలు రాయడానికి వాడే ఆ పొట్టి లిపికి స్ఫూర్తినిచ్చిన వాటిలో ఒకటి బోల్ ప్రాసెసర్. 1980ల్లో బెర్నార్డ్ బెల్, జిమ్ కిప్పెన్ కలిసి తబలా బోల్స్‌ని, వాటిని మార్చి మార్చి వాయించే వ్యాకరణాన్ని కంప్యూటర్‌కి నేర్పడానికి చేసిన ప్రోగ్రామ్ అది. అంటే నాన్న ప్యాడ్ వచ్చి ట్రూపులోంచి తబలాని తీసేసింది, ఆ తబలా నోటిమాటలే చుట్టు తిరిగి జూబ్లీహిల్స్ గోడ మీద కోడ్‌లోకి వచ్చాయి. దీనికి సంతోషించాలో లేదో నాకు తేలలేదు. తబలా ఆయన తర్వాత ఏం చేశాడో నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

"ఇదంతా ఫారిన్ గోల" అని మెస్‌లో ఒక సీనియర్ తేల్చేశాడు. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన 1982లోనే మూడు రోలాండ్ మెషీన్లతో పది రాగాల డిస్కో రికార్డు చేశాడని చెప్పాను. ఆయన పప్పు వడ్డించుకున్నాడు.

అసలు నన్ను తొలుస్తున్నది వేరే. మన క్లాసులో సగం అసైన్‌మెంట్లు చాట్‌బాట్ రాస్తోంది. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ సారే అంటున్నారు, ఇక కోడ్ రాయడం కాదు, రాయించడం నేర్చుకోండి అని. నిజమే కావచ్చు. కానీ వినేటప్పుడు నాకు ఆ "ఊరికే పుల్లలు ఆడించు చాలు" గుర్తొస్తుంది. ఆ అక్క కూడా నాలుగు నిమిషాల్లో ముందే చేసిన ఫైలు ప్లే చేసి వెళ్ళిపోవచ్చు. ఎర్రర్ వచ్చేది కాదు, సౌండ్ ఇంకా బాగుండేది. మావాడు మాత్రం లేచి నిలబడేవాడు కాదు.

దసరా సెలవుల్లో ఇంట్లో లాప్‌టాప్ తెరిచి నాన్నకి స్ట్రూడెల్ చూపించాను. మూడు కామా ఎనిమిది పెట్టాను. రెండు చుట్లు విని, "తకిట తకిట తక" అన్నాడు, దాన్లో ఏముంది అన్నట్టు. ఇంకో రెండు చుట్లు విన్నాడు. "మూడో దెబ్బ మరీ టైముకి పడుతోందిరా. కొంచెం వెనక్కి లాగు."

ఆ దెబ్బని వేరే లైనుగా విడదీసి లేట్ అనే ఫంక్షన్ పెట్టాను. ఒక చక్రం రెండు సెకన్లు. 0.03 ఇచ్చాను.

"తాగినోడిలా ఉంది."

0.02.

"ఇంకా తగ్గించు."

0.01. అంటే 20 మిల్లీసెకన్లు. నాకు తేడా తెలియడం లేదు. నాన్న టేబుల్ మీదున్న రెండు పెన్నులు తీసుకుని దాంతోపాటు వాయించడం మొదలుపెట్టాడు. స్క్రీన్ వైపు చూడట్లేదు. కాసేపయ్యాక పెన్ను ఆపకుండానే, "ఆ నంబరు అలాగే ఉంచి, ఇప్పుడు డోలక్ ఏమన్నా ఉందేమో చూడు అందులో" అన్నాడు.