నూటికి నలుగురు

అంగవైకల్యాన్ని విధివ్రాతగా భావించి సరిపెట్టుకోవడం మన సమాజానికి తరతరాల అలవాటు. బిచ్చం వేసి పుణ్యం మూటకట్టుకొనే చేయి అదే మనిషికి పని ఇవ్వడానికి వెనుకాడుతుంది. ఈ వెనుకంజను చట్టం ఎంతవరకు సరిదిద్దిందో మన విద్యార్థులు తెలుసుకోవాలన్న తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు నిత్యం బస్సులో వచ్చి చదువుకొన్న విద్యార్థి ఒకడు నాకు తెలుసు. పుట్టుకతోనే అతనికి ఒక కాలు సరిగా ఎదగలేదు. చంకకర్రతో బస్సు మెట్టు ఎక్కడమే అతనికి ప్రతిదినం ఒక పరీక్ష. డిగ్రీ మంచి మార్కులతో ముగించాడు. ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేయమన్నాను. "సార్, ఆ కోటాలో ఉద్యోగం వస్తే జాలిపడి ఇచ్చారంటారు. నాకు వద్దు" అన్నాడు. ఆ మాటలోని ఆత్మాభిమానం నాకు నచ్చింది. అందులోని అపోహ మాత్రం నన్ను బాధించింది. అతనికి చెప్పినదే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

1977లో కేంద్ర ప్రభుత్వం దిగువ శ్రేణి ఉద్యోగాలలో వికలాంగులకు 3 శాతం కేటాయించింది. 1995 నాటి చట్టం దానిని శాసనంగా మార్చి, అంధులకు, బధిరులకు, చలన వైకల్యం గలవారికి ఒక్కొక్క శాతం చొప్పున పంచింది. అయితే 'వికలాంగులకు తగినవి' అని గుర్తించిన కొద్ది ఉద్యోగాలనే లెక్కలోకి తీసుకొన్నందున ఆ వాటా కుంచించుకుపోయింది. మొత్తం ఖాళీలను బట్టే లెక్క కట్టాలని సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 8న తీర్పు చెప్పింది. 2016 చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుండి 21కి, వాటాను కనీసం 4 శాతానికి పెంచింది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉండాలి. అర్హుడు దొరకక నిండని ఖాళీని మరుసటి సంవత్సరానికి కొనసాగించాలి. చూపు లేదన్న కారణంతో న్యాయమూర్తి పదవికి ఎవరినీ అనర్హులను చేయరాదని 2025 మార్చి 3న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇందులో జాలి ఎక్కడ ఉన్నది? అర్హత అందరివలె సంపాదించవలసిందే. మూసిన తలుపును మాత్రమే చట్టం తెరిచింది.

మన చరిత్రలోనూ ఇందుకు నిదర్శనం ఉన్నది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అంధులు. ప్రవక్త మహమ్మద్ (స) ఆయనకు అజాన్ పిలిచే బాధ్యతను ఇచ్చారు. తాము మదీనా విడిచి వెళ్లిన సందర్భాలలో ఆ నగర బాధ్యతను సైతం పలుమార్లు అప్పగించారు. పసితనంలోనే చూపు కోల్పోయిన తాహా హుసేన్ 1950లో ఈజిప్టు విద్యామంత్రి అయినారు. వారికి దక్కినది భిక్ష కాదు, విశ్వాసం.

ఆ విద్యార్థి చివరకు దరఖాస్తు చేశాడు. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమైనందున, కలెక్టరు కార్యాలయంలో పని పడినా ఆళ్లగడ్డ వారు కర్నూలు దాకా పోనక్కరలేదు. కాని ఉద్యోగం దాకా వెళ్లే దారి కళాశాల మెట్ల దగ్గరే ఆగిపోతే ఏ శాతమూ అక్కరకు రాదు. ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలు 5 శాతం సీట్లు వీరికి కేటాయించాలని అదే 2016 చట్టం శాసించింది. సీటుతోపాటు మెట్ల ప్రక్కన ఒక వాలుదారి, క్రింది అంతస్తులో తరగతి గది, పరీక్షలో వ్రాసిపెట్టే సహాయకుడు కూడా అవసరమని కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాను. విద్యార్థి మిత్రులారా, చూపు లేని సహాధ్యాయికి దినానికి ఒక గంట పాఠం చదివి వినిపించండి. ఉద్యోగ ప్రకటన కనబడితే అతనికి తెలియజేయండి. నూటికి నలుగురి స్థానం నిండడం అక్కడే మొదలవుతుంది.