రెండో బంతి

పెళ్లిళ్లలో మొదటి బంతి మగపెళ్లివారిది. వండి వార్చిన మనకి ఆఖరి బంతి. కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే రగ్బీలోనూ ఇదే తంతు!

1931 తర్వాత బ్రిటిష్ జట్లు ఫ్రాన్సుని వెలివేస్తే, అది 1934లో ఇటలీ, రుమేనియా వగైరాలతో సంఘం పెట్టి రెండో బంతి వేసింది. 1947లో మళ్లీ మొదటి బంతిలో కూర్చుంది. 2000లో ఇటలీకీ అక్కడ విస్తరి వేశారు. ఆరుగురయ్యారు, తలుపు మూశారు.

రెండో బంతికిప్పుడు రగ్బీ యూరప్ ఛాంపియన్‌షిప్ అని పేరు. జార్జియా 2018 నుంచి 2025 దాకా ఏటా అందులో గెలిచింది. 2022లో ఇటలీనీ, కార్డిఫ్ వెళ్లి వేల్సునీ ఓడించింది. అయినా పిలుపు రాలేదు! అక్కడ ఆఖర్న నిలిచినా పీట కదలదు. ఇక్కడ మొదట నిలిచినా పీట దక్కదు.

బాగా ఆడితే వాళ్లే పిలుస్తారనుకుంటాం. పిలవాల్సింది కూర్చున్నవాళ్లే కదా! విస్తరి ముందున్నవాళ్లు తమంతట తాము జరుగుతారా, చెప్పండి?